కార్మిక కుటుంబం – ఋణ విముక్తి

కార్మిక కుటుంబాలను పీడిస్తున్న అప్పుల సమస్య నేటిది కాదు. దేశంలోని అత్యధిక పారిశ్రామిక కేంద్రాలలో కనీసం మూడింట రెండు వంతుల మంది ఋణగ్రస్తులని 1931 నాటి విట్లే కమిషన్ నివేదిక పేర్కొన్నది. రూపాయికి నెలకు అణా వడ్డీ, అనగా సాలుకు నూటికి 75 రూపాయలు, ఆనాడు సాధారణమైన రేటు. జీతాల రోజున వడ్డీ వ్యాపారులు కర్మాగారాల గేట్ల వద్ద కాపు వేసేవారు. దానిని నేరంగా పరిగణిస్తూ బెంగాల్‌లో 1934 నాటి చట్టం వచ్చింది.

నేడు గేటు వద్ద కాపు వేయవలసిన అవసరం లేదు. అప్పు సెల్‌ఫోనులోనే ఇంటిలోనికి వస్తున్నది. రోజువారీ ఫైనాన్సులో 10,000 రూపాయలకు సంతకం చేసినవానికి చేతికి వచ్చేది 8,500. రోజుకు 100 చొప్పున నూరు రోజులలో మొత్తం చెల్లించవలెను. లెక్క వేసి చూస్తే ఇది సాలుకు నూటికి నూరు రూపాయలను మించిన వడ్డీ. అణా వడ్డీయే దీనికంటె నయము!

పొదుపు చేయమని కార్మిక దంపతులకు ఉపదేశించేవారికి కొదవ లేదు. కాని ఈ అప్పులు దుబారా వలన పుట్టినవా? ఆసుపత్రి ఖర్చు, పిల్లల ఫీజులు, లే-ఆఫ్ కాలం, కాంట్రాక్టరు నెలల తరబడి ఆపిన జీతం – ఇవే అప్పులకు మూలం. పొదుపు అవసరమే. అయితే పొదుపు ఫలితం ఎవరికి చేరుతున్నదనునదే అసలు ప్రశ్న.

ఒక ఉదాహరణ చూడండి. భార్యాభర్తలిద్దరూ కష్టపడి నెలకు 4,000 రూపాయలు మిగిల్చి లక్ష రూపాయల అప్పు తీర్చదలచినారనుకొందాము. నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే మొదటి నెల 3,000 వడ్డీకే పోవును. అప్పు తీరుటకు 47 నెలలు పట్టును. అదే అప్పు సహకార పరపతి సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి లభిస్తే 29 నెలలలో తీరును. దంపతుల త్యాగం రెండు చోట్లా ఒక్కటే. తేడా 18 నెలలు, సుమారు 72,000 రూపాయలు. ఆ సొమ్ముతో బిడ్డ చదువు సాగవచ్చు, తాకట్టులోని పుస్తెలతాడు ఇంటికి రావచ్చు.

కనుక ఇంటిలో చేయవలసిన పని ఒకటి, సంఘం చేయవలసిన పని మరొకటి. ఇంటిలో ముందు దాపరికం పోవలెను. భర్త చేసిన చేబదులు భార్యకు, భార్య గ్రూపులో పెట్టిన సంతకం భర్తకు తెలియవలెను. అప్పులన్నీ ఒకే కాగితంపై వడ్డీ రేటుతో సహా వ్రాసి, అధిక వడ్డీ అప్పును ముందు తీర్చవలెను. తీరిన అప్పు వాయిదా సొమ్మును తరువాతి అప్పుకు జమచేయవలెను. అన్నీ తీరిన పిమ్మట ఆ సొమ్మునే ఆపద్ధనంగా నిలుపుకొనవలెను. లేనిచో మరుసటి జ్వరం మరుసటి అప్పు అగును.

ఇక సంఘం సంగతి. పొదుపు, పరపతి సహకార సంఘం లేని ప్రతి సంస్థలోనూ దానిని నెలకొల్పుటకు మన శాఖలు పూనుకొనవలెను. కాంట్రాక్టు కార్మికులకు అందులో సభ్యత్వం సాధించవలెను. చట్టపరమైన రక్షణలను సభ్యులకు తెలియజేయవలెను. సూక్ష్మ రుణాల వాయిదాలు కుటుంబ ఆదాయంలో సగాన్ని మించరాదని, వసూలుదారులు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత వేధించరాదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన విధించినది. ఈ సంగతి ఎందరు మహిళా కార్మికులకు తెలుసు?

అప్పు ఇంటి గుట్టు అని మౌనం వహించుట తగదు. నెల వాయిదా తప్పునను భయంతో కార్మికుడు ఓవర్‌టైము కాదనలేడు, అన్యాయపు బదిలీని ఎదిరించలేడు, సమ్మె ఓటింగులో చేయి ఎత్తలేడు. యాజమాన్యానికి ఇంతకంటె చవకైన కాపలాదారు ఉండడు. అందుచేత సకాలంలో జీతం, ధరలకు తగిన కరవు భత్యం, అందుబాటులో వైద్యం కోరు పోరాటమే ఋణ విముక్తి పోరాటం కూడా. వచ్చే సర్వసభ్య సమావేశాలలో ప్రతి శాఖ ఈ అంశాన్ని చర్చకు పెట్టి, కార్యాచరణను నిర్ణయించవలెనని కోరుతున్నాము.