దాస్యమునకు, సేవకు నడుమ

దాస్యము, సేవ అను మాటలు అర్థమున ఇరుగుపొరుగువి. రెండింటను ఒకరు మరియొకరికై పాటుపడుట కలదు. అందుచేతనే కాబోలు, ఇల్లూడ్చువారిని, అంట్లు తోమువారిని చిన్నచూపు చూచుట లోకమునకు అలవాటైనది. ఈ రెండింటి నడుమ నున్న అగాధమును ఎరుగగోరువారు జోసెఫీన్ బఖీతా అను కాథలిక్కు మఠకన్య జీవితమును పరిశీలింపవలెను.

ఆమె సుమారు 1869లో సూడాను దేశపు డార్ఫర్ ప్రాంతమున జన్మించెను. పసితనముననే దుండగులు ఆమెను అపహరించి బానిసగ అమ్మిరి. భయవిహ్వలయైన ఆ బాలిక తన పేరునే మరచెను. అరబ్బీ భాషలో ‘అదృష్టవంతురాలు’ అని అర్థమిచ్చు ‘బఖీతా’ యను పేరు ఆ దుండగులు పెట్టినదే! ఆమె పలువురు యజమానుల చేతులు మారెను. ఒక తురుష్క సేనాధికారి ఇంట ఆమె దేహమును కత్తితో గాట్లు పెట్టి, గాయములలో ఉప్పు రుద్దిరి.

1883లో ఖార్తూము నగరమున ఇటలీ దేశపు ఉపకాన్సలు ఆమెను కొనెను. 1885లో అతనితో ఇటలీ చేరి, అచ్చట మరియొక కుటుంబమున బిడ్డకు దాది యయ్యెను. 1888లో ఆ బిడ్డతోపాటు ఆమెను వెనిస్ నగరమున కనోసా సంఘపు మఠకన్యల చెంత నుంచిరి. యజమానురాలు మరలివచ్చి, తనతో ఆఫ్రికాకు రమ్మని కోరగా బఖీతా నిరాకరించెను. వివాదము న్యాయస్థానము చేరెను. ఇటలీ చట్టము బానిసత్వమును గుర్తింపదు గనుక ఆమె స్వతంత్రురాలని 1889 నవంబరు 29న తీర్పు వెలువడెను.

స్వేచ్ఛ లభించిన పిదప ఆమె కోరుకొన్న దేమి? 1890లో జ్ఞానస్నానము పొంది, 1896లో మఠకన్యగ వ్రతము పట్టెను. 1902లో స్కియో పట్టణపు మఠమునకు పంపబడి, శేషజీవితమున అధికభాగము అచ్చటనే గడపెను. వంట వండెను, బట్టలు కుట్టెను, దేవాలయ సామగ్రిని సవరించెను, వాకిట నిలిచి వచ్చినవారిని ఆదరించెను. పూర్వము కొరడాకు వెరచి చేసిన చాకిరియు ఇట్టిదే. పని మారలేదు, చేయుటకు ఒప్పుకొన్న మనస్సు ఆమె సొంతమైనది.

బానిసగ నుండిన అలవాటుచేతనే ఆమె అణగి యుండెనని కొందరు తలపవచ్చును. అలవాటే ఆమెను నడపినచో యజమానురాలి వెంట వెళ్ళియుండును. కాదనగల స్వాతంత్ర్యము లేనివారి ‘సరే’కు విలువ యేమున్నది? దాస్యము ఆమెను సేవకు తీర్చిదిద్దినదనుటయు పొరపాటే. 1947 ఫిబ్రవరి 8న మరణించుటకు ముందు, వ్యాధి తీవ్రతలో, సంకెలలు బరువుగ నున్నవి, వదలు చేయుమని ఆమె పరిచారికను వేడుకొనెను. ఆరు దశాబ్దములు గడచినను ఆ గాయము మానలేదు. 2000 సంవత్సరమున కాథలిక్కు సభ ఆమెను పునీతగ ప్రకటించెను.

ఈ చరిత్రను తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు ఒక జాగ్రత్త వహింపవలెను. వినయము తాను ఆచరింపదగిన గుణమే గాని, ఇతరులచేత చాకిరి చేయించుకొనుటకు సాధనము కారాదు. బడి ఊడ్చు పని ఎల్లప్పుడును ఆడపిల్లలకో, పేద పిల్లలకో పడుచున్నచో, దానికి సేవయని పేరు పెట్టుట అన్యాయము. పిల్లలందరును వంతులవారీగ ఊడ్చినప్పుడు, ఆ వంతులలో ఉపాధ్యాయుని పేరును ఉన్నప్పుడు, బఖీతా కథను వారికి చెప్పుటకు అధికారము కలుగును.