హుక్కు కింద మేమే

భద్రత అంటారు. పసుప్పచ్చ బోర్డుల మీద రాస్తారు. ఎవరి భద్రత? సీట్లో కూర్చున్నోడిదా, హుక్కు కింద నిలబడ్డోడిదా?

మా మాదిగపల్లెలో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. సర్కారు బడిలో పిల్లలకి మీటల పాఠం చెబుతాను. మా చిన్నాయన క్రేను లారీ మీద ఖలాసీ. హుక్కుకి స్లింగు తగిలించేది, బరువు ఊగకుండా తాడేసి పట్టేది, జాకీల కింద చెక్కదిమ్మెలు పెట్టేది ఆయనే. 20 ఏళ్ళు చేసినా స్టీరింగు ముట్టనివ్వలేదు.

క్యాబిన్లో ఇంగ్లీషు పట్టిక ఒకటి అతికించి ఉంటది. 10 టన్నుల క్రేను అంటే ఎక్కడైనా 10 టన్నులు ఎత్తుద్దని కాదు. బరువు దూరం జరిగేకొద్దీ ఎత్తగలిగేది తగ్గిపోద్ది. దూరం రెట్టింపైతే సగానికీ, ఇంకా కిందికీ పడిపోద్ది. ఆ పట్టిక చదివే అక్షరాన్ని తరతరాలు మాకు అందకుండా చేసినోళ్ళే ఇవాళ 'చదువులేని కూలోడి నిర్లక్ష్యం' అని రిపోర్టులు రాస్తారు.

ఒక కాలవ గట్టున కరెంటు స్తంభం ఎత్తేటప్పుడు చిన్నాయన అన్నాడు: "అయ్యా, ఇది కొత్తగా పోసిన మట్టి. జాకీలు పూర్తిగా చాపి, దిమ్మెలు ఇంకో వరస ఏద్దాం." కాంట్రాక్టరు అన్నాడు: "నువ్వెవడివిరా నాకు చెప్పడానికి?" జాకీ దిగబడింది. లారీ ఒరిగింది. స్తంభం ఊగొచ్చి చిన్నాయన కాలు నుజ్జు చేసింది. రిపోర్టులో మట్టి లేదు, కాంట్రాక్టరు లేడు. 'హెల్పరు అజాగ్రత్త' మాత్రం ఉంది.

అజాగ్రత్తా? మోటబావుల కాలంలో తోలుతొండం కుట్టింది మా తాతలు. ఏ తాడు ఎంత బరువు ఆపుద్దో మా చేతులకి తెలుసు. మీకు తెలియంది మా మాట వినడం.

చట్టాలు లేక కాదు. బరువులెత్తే యంత్రాల్నీ గొలుసుల్నీ తాళ్ళనీ ఏడాదికొక్కసారైనా అర్హుడైన మనిషి క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షనే చెప్పింది. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. అయినా 2020 ఆగస్టు 1న విశాఖ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది కాంట్రాక్టు మనుషులే.

క్రేను పనిలో ఒక నియమం ఉంది. సైగలు చేసేది ఒక్కడే. కాని 'ఆపు' అని ఎవరు చెయ్యెత్తినా ఆపాల్సిందే. మేస్త్రీ అయినా సరే, ఖలాసీ అయినా సరే. ఈ నియమాన్ని మన దేశంలో యంత్రం పాటిస్తది, కులం పాటించదు. కులం నిలబడేదే 'నువ్వెవడివిరా' అన్న మాట మీద.

విద్యార్థి మిత్రులారా, అడగాల్సింది దయ కాదు. పట్టిక తెలుగులో ఉండాలి. ఖలాసీకి శిక్షణ, లైసెన్సు, స్టీరింగు దక్కాలి. 'ఆపు' అన్నోడి కూలి కోస్తే కాంట్రాక్టరు మీద కేసు పెట్టాలి.

జాకీ కింద దిమ్మె వెయ్యండి. మా మనిషిని కాదు.