గాలి కబురు తెలుగులో వినిపించాలి

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన వేటగాళ్ళు ఆకాశం, అల చూసి గాలి ఎటు తిరుగుతుందో చెప్పగలరు. గొప్ప విద్యే. కానీ వంద కిలోమీటర్ల అవతల రాత్రికి రాత్రి గాలి ముదిరితే ఒడ్డున ఉన్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

అందుకే ఇస్రో 2009లో ఓషన్‌శాట్-2ను, 2016లో స్కాట్‌శాట్-1ను, 2022 నవంబరు 26న ఈఓఎస్-06ను పంపింది. వీటిలోని స్కాటరోమీటర్ రేడియో తరంగాలను సముద్రం మీదికి వదులుతుంది. గాలి రేపిన సన్నటి అలలకు తగిలి ఎంత బలంగా తిరిగొస్తాయో చూసి గాలి వేగం, దిశ లెక్క కడతారు. చీకటైనా, మబ్బు పట్టినా ఆ పని ఆగదు.

లోపాలూ ఉన్నాయి. జోరువానలో లెక్క తప్పుతుంది. ఒడ్డు దగ్గర నేల నుంచి వచ్చే తరంగాలు కలిసిపోతాయి. మన చిన్న పడవలు తిరిగేది అక్కడే! కాబట్టి ఉపగ్రహం వచ్చిందని పెద్దల అనుభవాన్ని పక్కన పెట్టకూడదు. రెండూ కావాలి.

సముద్రం ఎలా ఉండబోతోందో చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది హైదరాబాదులోనే. తీరం ఒడిశాది కాబట్టి కబురు ఒడియాలో చాలనుకోవడం సహజం. పిల్లలు ఒడియా చదువుతారు కదా అని మీరూ అనొచ్చు. కానీ పడవ నడిపేది పిల్లలు కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే, ఏ లిపీ చదవని పెద్దలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందే కబురంది లక్షల మంది ఊళ్ళు ఖాళీ చేశారు కాబట్టే అన్ని ప్రాణాలు దక్కాయి. అయితే పెద్ద తుఫానుకు ఊరంతా కదులుతుంది. మామూలు రోజు ముదిరే గాలికి ఎవరు కదిలిస్తారు?

మన సంఘాన్ని నేను అడిగేది చిన్న పని. ప్రతి పేటలో చదువుకున్న ఒక కుర్రాడో, అమ్మాయో రోజూ సాయంత్రం ఆ సూచన చూసి, మన యాసలో నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టాలి. వేట నుంచి వచ్చినవాళ్ళు నిజంగా ఎలాంటి గాలి తగిలిందో చెబితే నోటుబుక్కులో రాయాలి. ఏడాది రాస్తే మన తీరంలో సూచన ఎక్కడ సరిపోతోందో, ఎక్కడ తప్పుతోందో ఇన్‌కాయిస్ వాళ్ళకు ఆధారాలతో చూపించొచ్చు.

ఏటా ఉగాది సభకు చందాలు వేసుకుంటాం. ఈ పనికి పైసా ఖర్చు లేదు. మీ పేట నుంచి ఎవరు ముందుకొస్తారో కింద కామెంట్లలో పేరు రాయండి.