చేయి అందని మూల

తడిబట్టను ఎండలో ఆరేసే వీలులేని ఇళ్లు పెరిగిపోతున్నాయి. అపార్ట్‌మెంట్లలో దండెం కట్టడానికి జాగా ఉండదు. జాగా ఉన్నా కొన్ని ఊళ్లలో గాలి శుభ్రంగా ఉండదు. దక్షిణ కొరియాకు ఈ రెండు బాధలూ ఉన్నాయి. ఏటా వసంతంలో దుమ్ము కమ్మే ఆ దేశంలో పెద్ద హీట్ పంప్ డ్రయ్యర్లు చూస్తుండగానే ఇళ్లల్లోకి వచ్చేశాయి.

ఆ యంత్రం మీద మాకు గౌరవమే. మామూలు ఎలక్ట్రిక్ డ్రయ్యరు హీటరుతో గాలిని కాచి, తడితోపాటు ఆ వేడినీ బయటికి వదిలేస్తుంది. హీట్ పంప్ డ్రయ్యరు ఉన్న వేడినే తిప్పితిప్పి వాడుకుంటుంది. వేడిగాలి బట్టల్లోని తడిని మోసుకొచ్చి, చల్లటి రేకుల దగ్గర నీళ్లుగా వదిలి, మళ్లీ వేడెక్కి బట్టల్లోకే వెళుతుంది. రేకులను చల్లబరిచేది ఫ్రిజ్‌లో ఉండేలాంటి కంప్రెసరే. కరెంటు ఖర్చు దాదాపు సగానికి దిగుతుంది. ఈపాటి పొదుపు లేని డ్రయ్యర్ల అమ్మకాన్ని స్విట్జర్లాండ్ 2012లోనే ఆపేసింది. యూరోపియన్ యూనియన్ 2025 జులై నుంచి అదే దారి పట్టింది.

అయితే గాలి లోపలే తిరుగుతోందంటే బట్టల నుంచి రాలే నూగు కూడా లోపలే తిరుగుతుంది. ఫిల్టరు చాలావరకు ఆపుతుంది. దాన్ని దాటిన సన్నటి నూగు తడిరేకులకు అతుక్కుని పొరలు కడుతుంది. గాలి ఆడదు, బట్టలు ఆరడానికి ఎక్కువ సేపు పట్టవచ్చు, మిగిలిందనుకున్న కరెంటు మళ్లీ మీటరెక్కుతుంది.

2019లో కొరియాలో పెద్ద చర్చయింది ఇదే. ఎల్‌జీ డ్రయ్యర్లలో ఆ రేకులను యంత్రమే కడుక్కునే ఏర్పాటు ఉంది. బట్టల నుంచి దిగిన నీటినే వాటి మీద చల్లుతుంది. ఫిర్యాదులు వచ్చాక అక్కడి ప్రభుత్వ వినియోగదారుల సంస్థ ఇళ్లలోని 50 యంత్రాలను పరిశీలించింది. చిన్నవాటికంటే పెద్దవాటిలోనే నూగు ఎక్కువ పేరుకుంది. ఫిల్టరు గూట్లో బిగుతుగా కూర్చోకపోవడం ఒక కారణం. మరొకటి ఇంకా సూక్ష్మమైనది: అడుగున లీటరున్నర పైచిలుకు నీరు చేరితేగాని కడగడం మొదలుకాదు. కొద్దిబట్టలు వేసిన రోజున, పొడి దుప్పట్లను అందులో వేసి దుమ్ము దులిపిన రోజున అంత నీరెక్కడిది? చివరికి 14.5 లక్షల యంత్రాలకు ఉచితంగా మరమ్మతు చేయడానికి కంపెనీ ఒప్పుకుంది.

ఇందులో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది, ఇంటివాళ్లు తెరిచి చూసుకోవడానికి ఆ రేకుల దగ్గర తలుపు లేకపోవడం. అది ఉంటే, రోజూ బట్టలు వేసే ఇల్లాలు మొదటి నెలలోనే ఆ నూగును చూసి ఉండేది. మెత్తటి బ్రష్షుతో పావుగంటలో తీసేసేది. ఆమె కష్టం తప్పించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ తన వస్తువు లోపల ఏం జరుగుతోందో చూసుకునే వీలు కూడా ఆమెకు దక్కాలి.

హైదరాబాద్ ఫ్లాట్లలోనైనా, అమెరికాలోని మనవాళ్ల ఇళ్లలోనైనా డ్రయ్యరు కొనే ఆలోచన ఉంటే ఎన్ని కిలోలు పడతాయన్న ప్రశ్నతో ఆగకండి. రేకుల దాకా చేయి పోతుందా అని అడగండి. దుకాణంలోనే తెరిచి చూపించమనండి. ఇంటికొచ్చాక ఫిల్టరును వాడిన ప్రతిసారీ దులపండి. కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టండి. రేకులు ఇట్టే వంగిపోతాయి, వాటి మీద చేయి మెత్తగా పడాలి.