అంకెల వెనుక మనిషి

వైద్యరంగం అనగానే విద్యార్థుల మనసులో మెదిలేది తెల్లకోటు. కంప్యూటర్ రంగం అనగానే గుర్తుకు వచ్చేది నగరంలోని అద్దాల మేడ. ఈ రెండింటినీ కలిపే మూడవ మార్గం ఒకటి ఉంది. రోగుల వివరాలను సేకరించి, క్రమబద్ధం చేసి, భద్రపరచి, చికిత్సకూ ప్రజారోగ్య ప్రణాళికలకూ ఉపకరించేలా మలచే విద్య అది. దానినే ఆరోగ్య సమాచార శాస్త్రం అంటారు. డిగ్రీ అనంతరం స్నాతకోత్తర స్థాయిలో అభ్యసించదగిన ఈ శాస్త్రాన్ని మరొక కంప్యూటర్ కొలువుగా మాత్రమే చూడటం సరికాదు.

దీని అవసరాన్ని గ్రహించడానికి దూరదేశాలకు వెళ్ళనక్కరలేదు. 2007 ఏప్రిల్ 1న నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం తొలుత ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. పేద కుటుంబాలకు ఖరీదైన శస్త్రచికిత్సలను అందుబాటులోకి తెచ్చిన ఆ పథకానికి సమాచార వ్యవస్థే వెన్నెముక. ఆరోగ్యమిత్ర రోగి వివరాలను నమోదు చేస్తారు. ఆసుపత్రి పరీక్షల నివేదికలను కంప్యూటర్ ద్వారా పంపుతుంది. నిపుణులైన వైద్యులు వాటిని పరిశీలించి చికిత్సకు అనుమతి ఇస్తారు. ఈ గొలుసులో ఒక పేరు తప్పుగా నమోదైనా, ఒక నివేదిక జతపడకపోయినా అనుమతి ఆలస్యం కావచ్చు. కార్యాలయంలో అది అక్షరదోషం. రోగికి అది ప్రాణసంకటం.

నల్లగొండ జిల్లా అనుభవం మరొక పాఠం చెబుతుంది. ఫ్లోరైడ్ నీరు అక్కడ తరతరాల ఎముకలను వంచింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఆ జిల్లా పేరుతోనే ప్రపంచానికి పరిచయమైంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ శుద్ధిచేసిన నదీజలాలను పల్లెలకు చేర్చింది. అయితే నీరు మారితే పని ముగిసినట్లు కాదు. ఏ ఊరి బోరులో ఫ్లోరైడ్ ఎంత, ఆ ఊరి పిల్లల పళ్ళపై మచ్చలు తగ్గుతున్నాయా, వృద్ధుల కీళ్ళ బాధ ఏ దశలో ఉంది అన్న వివరాలను కలిపి చదివినప్పుడే సహాయం అవసరమైన ఇంటికి చేరుతుంది. నీటి పట్టికనూ రోగుల పట్టికనూ జతపరచి చదవగల నేర్పే ఈ శాస్త్రం ఇచ్చే తొలి నైపుణ్యం.

పాలమూరు వలసజీవుల సమస్య ఇంకా జటిలమైనది. క్షయవ్యాధికి మందులు సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి. బతుకుతెరువు కోసం కూలీ ఊరు విడిచినప్పుడు చికిత్స వివరాలు కూడా అతని వెంట ప్రయాణించాలి. 2021లో దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆరోగ్య సంఖ్య ద్వారా ఇందుకు దారి చూపింది. కానీ సంఖ్య ఇవ్వడం వేరు, ఆ సంఖ్య రోగికి ఉపయోగపడేలా చూడటం వేరు. రెండవది మనుషులు చేయవలసిన పని.

ఈ విద్యలో వైద్య పరిభాష, గణాంకశాస్త్రం, సమాచార నిధుల నిర్వహణ, వ్యాధుల వర్గీకరణ ప్రధానాంశాలు. ఇవి నేర్చినవారు ఆసుపత్రి రికార్డుల నిర్వాహకులుగా, బీమా దరఖాస్తుల పరిశీలకులుగా, వ్యాధుల వ్యాప్తిని గమనించే విశ్లేషకులుగా, వైద్య సాఫ్ట్‌వేర్ రూపకర్తలుగా, పరిశోధకులుగా స్థిరపడవచ్చు. వైద్యం, నర్సింగ్, ఫార్మసీ చదివినవారికే కాక గణితం, కంప్యూటర్ శాస్త్రం చదివినవారికి కూడా ఇందులో చోటుంది.

రోగుల రహస్యాలు ఒకచోట పోగుపడితే దుర్వినియోగం కావా అన్న శంక సమంజసమే. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం రూపొందింది. అయినా చట్టం కన్నా ముందు కావలసింది నమోదుచేసే చేతికి నిజాయితీ. అది కూడా ఈ వృత్తిలో అలవరచుకోవలసిన నైపుణ్యమే.

అన్నింటికన్నా విలువైన అర్హత ప్రాంతాన్ని ఎరిగి ఉండటం. “కాళ్ళు గుంజుతున్నయి” అని అవ్వ చెప్పిన మాటలోని బాధను గ్రహించి, దానిని సరైన పద్దులో చేర్చడం ఆ మాట విని పెరిగినవారికి సులభం. యంత్రం అంకెలను లెక్కిస్తుంది. ఆ అంకెల వెనుక ఉన్న మనిషిని గుర్తించేది మనిషే. జీతంతోపాటు ఈ బాధ్యతను కూడా కోరుకొనే యువతీయువకులు ఈ శాస్త్రంలోకి రావాలి. అప్పుడే అది తాను పుట్టిన అవసరాన్ని తీర్చగలుగుతుంది.