రోజున కొక్క రూపాయి



మొన్న మా సోమశిలలో మాకు పాలు పోయు నొక యమ్మ తన బ్యాంకు పుస్తకమును దెచ్చి, "ఇందులో నెంత యున్నదో చూడమ్మా" యనెను. చూచితిమి. ఆమె తీర్చితి ననుకొన్న యప్పులో రెండు వాయిదాలు జమపడియుండలేదు. ఎవరిచేతి కిచ్చితివన, నామె కన్నుల నీరు నిండెను. మూడేండ్లుగా వ్రేలిముద్ర వేయుటే కాని లెక్క నెఱుగదు.

ఇది యెచట జరిగినను విచారమే. పొదుపు సంఘములకు పేరుగన్న మన నెల్లూరు జిల్లాలో మఱింత విచారము. 1992లో దూబగుంటయందు రోశమ్మ మొదలగు స్త్రీలు సారాయిపై దిరుగబడిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారాయి నిషిద్ధమయ్యెను. ఆ వెనుక "పొదుపులక్ష్మి" సంఘములు వెలసి, స్త్రీలు దినమున కొక్క రూపాయి చొప్పున గూడబెట్టిరి. నగ కుదువ పెట్టకయే, ఒకరికొకరు పూచీపడుటచేత బ్యాంకు లప్పొసగినవి. బంగ్లాదేశమున గ్రామీణ బ్యాంకు త్రొక్కిన త్రోవయు నిట్టిదే. 2014లో వచ్చిన జనధన పథకముచే నిలువ సొమ్ము లేకయే ఖాతా తెఱచుట సుకరమయ్యెను.

కాని ఖాతా పేరున నుండుట వేఱు, వశమున నుండుట వేఱు. చదువెఱిగిన తల్లులారా! నెలకొక సాయంకాలము ఇరుగుపొరుగువారి పుస్తకములు చదివి వినిపింపుడు. అంకెలను, సంతకమును నేర్పుడు. మా యరుగుమీద నీ పని మొదలైనది. ఆ పాలయమ్మయే తొలి శిష్యురాలు.