ముందెవరు, వెనకెవరు?

ఏటా మార్చిలో అమెరికా బేస్‌బాల్ జట్ల శిక్షణ శిబిరాల్లో వడపోత జరుగుతుంది. చివరికి జట్టులో మిగిలేది 26 మంది. ఫస్ట్ బేస్ దగ్గర ఎవరిని నిలబెట్టాలా అని కొన్ని జట్లు ఆఖరిదాకా తర్జనభర్జన పడతాయి. క్రీడాకారుల ఎంపికల మీద ఈ సంచిక తలపెట్టినప్పుడు నా మనసులో మెదిలింది మాత్రం మన అమలాపురం బ్యాడ్మింటన్ కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్.

2014లో హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ అతన్ని ముంబై ఆటగాడు చిరాగ్ శెట్టితో జత కలిపాడు. ఇద్దరూ కోర్టు వెనక నుంచి విరుచుకుపడేవాళ్లే. మరి నెట్ దగ్గర ఎవరు? చిరాగ్ ముందుకొచ్చి, ఆ ఆట కొత్తగా నేర్చుకున్నాడు. ఆ ఓర్పుకు నేను చేతులెత్తి మొక్కుతాను. సాత్విక్ స్మాష్‌కు వెనక చోటు దొరికింది. 2022లో థామస్ కప్. 2023 అక్టోబరులో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ నెలలోనే ప్రపంచ నంబర్ వన్ స్థానం.

గోదావరి జిల్లాల్లో జట్లు ఎంపిక చేసే పెద్దలకు ఒక విన్నపం. పిల్లల పేరు కొట్టేసే ముందు, వాళ్లను ఇంకో స్థానంలో కూడా నాలుగు రోజులు ఆడించి చూడండి.